ఒంటికొమ్ము ఫోల్డర్

గంగాధరం ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసి ఉంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఢిల్లీబాబు ముందుగా చూసింది దాన్నే. దాని ముందు కుర్చీలో కూర్చున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మోహన్‌కృష్ణను ఆ తర్వాత చూశాడు.

"చెయ్యి తియ్యి మోహనా," అన్నాడు.

మోహన్‌కృష్ణ తల తిప్పలేదు. "రాప్పా డిటెక్టివ్. కూచో. పోయిన ఫైళ్లు తీసే సాఫ్ట్‌వేరు ఒకటి దొరికినాది. ఒక్క నిమిషం, ఇది ఎక్కించేస్తే..."

ఢిల్లీబాబు కూర్చోలేదు. గది దాటి వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది. లోపల ఫ్యాను కాసేపు గొణిగి ఆగిపోయింది.

"నీకేమన్నా పిచ్చా?" మోహన్‌కృష్ణ లేచి నిలబడ్డాడు.

"పోయిన ఫైళ్లు ఈ డిస్కులోనే ఉండాయి. నీ సాఫ్ట్‌వేరు గూడా ఈ డిస్కులోకే పోతాది. యాడ కూచుంటాది అనుకున్నావు?"

"యాడో ఖాళీగా ఉండే చోట."

"మనకు కావల్సింది ఆ ఖాళీ చోటే. డిలీట్ కొడితే ఫైలు పోదు. ఈ చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటాది, అంతే. కొత్తది వచ్చి మీద పడేదాకా పాతది ఆడనే ఉంటాది. ఇద్దరం ఒకే క్లాసులో కూచుని నేర్చుకున్నాము గదప్పా ఇది."

"నేర్చుకున్నాము. నువ్వు ఉద్యోగం వదిలేసినావు, నేను నేర్చుకున్నది వదిలేసినాను."

ఆ మాటలో వెటకారం సగమే. పోలీసు శాఖలో ఒకే గదిలో పనిచేసిన రోజుల్లో ఇద్దరికీ పడేది కాదు. తర్వాత ఢిల్లీబాబు రాజీనామా ఇచ్చి, తిరుపతిలో అలిపిరికి పోయే రోడ్డులో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. ఇప్పుడతనికి యాభై మూడేళ్లు. రాత్రంతా వేరే కేసు కోసం ఒక లాడ్జి ఎదుట కూర్చుని, పొద్దున్నే బస్సెక్కి బంగారుపాళ్యంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఈ నల్లగుట్టపల్లెకు వచ్చాడు. నడుం నిలవడం లేదు. ఎదురుగా ఉన్న మోహన్‌కృష్ణ కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. మామిడికాయల లారీలు, గంగజాతరలు, ఏనుగులు. వారం నుంచి అతనికీ నిద్ర లేదు.

"సాయంత్రానికి ఆ వీడియోలు నాకు కావాల," అన్నాడు మోహన్‌కృష్ణ. "రేపు పొద్దున మచ్చిక చేసిన కుంకీ ఏనుగులు అడివిలో దిగతాయి. ఆ ఒంటికొమ్ము ఏనుగును పట్టాలంటే దాని చెవులు, నడక గుర్తు తెలియాలంట ఫారెస్టోళ్లకు. గంగాధరం తోటలో కెమెరా కట్టి అన్నీ కంప్యూటర్లో దాచిపెట్టినాడని చెప్పినారు. వస్తే, వాళ్ల కూతురు, ఆ పాప, డిలీట్ చేసేసినా అంటాది."

"గంగాధరాన్ని చంపింది ఒంటికొమ్మేనని ఎట్ల తెలిసింది నీకు?"

"ఎదురొమ్ము నుజ్జునుజ్జు అయింది. ఎముక మిగల్లేదు. ఇంగేమి కావాల? చూసినోడు గూడా ఉండాడు. వాళ్ల తమ్ముడు మునిప్రసాద్. శుక్రవారం తెల్లారుజామున తోట దాటి పోతాండే ఒంటికొమ్మును కళ్లారా చూసినాడు. స్టేట్‌మెంటు తీసుకున్నా. అయిపోయిన కేసు ఇది."

"అయిపోలేదు సార్."

మాట వంటింటి గడప దగ్గర నుంచి వచ్చింది. గంగాధరం భార్య సిద్ధమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఢిల్లీబాబుకు ఫోన్ చేసి పిలిపించింది ఆమే.

"టార్చిలైటు కొక్కేనికే ఉండాది," అంది. "ఏనుగులు తిరగబట్టినప్పటి నించి ఆయప్ప టార్చి లేకుండా దొడ్లోకి గూడా పోలేదు. ఆ పొద్దు కటిక చీకట్లో తోటకు పోయినాడంట. టార్చి మాత్రం ఇంట్లోనే ఉండాది. ఎవురికి చెప్పినా ఇనరు."

మోహన్‌కృష్ణ టోపీ తీసుకున్నాడు. "భర్త పోయిన మనిషి. ఏదో ఒకటి తోస్తాది. నీకు సాయంత్రం దాకా టైమిస్తాండాను ఢిల్లీ. మళ్లా వస్తా. వీడియోలు దొరికితే సరి, లేకుంటే ఈ డబ్బా ఎత్తుకోని పోతా."

జీపు వెళ్లిపోయింది.

ఢిల్లీబాబు నేల మీద కూర్చుని కంప్యూటర్ పెట్టె మూత విప్పాడు. లోపల దుమ్ముతో పాటు ఒక చచ్చిన బల్లి. డిస్కు పాత రకం, లోపల పళ్లెం తిరిగేది. పొద్దుటి నుంచి జరిగిన మంచి అదొక్కటే. కొత్త రకాలైతే డిలీట్ కొట్టిన కాసేపటికే లోపల శుభ్రంగా తుడిచేసుకుంటాయి. దాన్ని ఊడదీసి, చదవడమే తప్ప రాయనివ్వని ఒక చిన్న పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను తన లాప్‌టాప్‌కు కలిపాడు. ముందు మొత్తం డిస్కుకు కాపీ తీయాలి. వెతకడం ఆ కాపీలోనే. అసలుదాన్ని ఇక ముట్టుకోడు.

కాపీ నడుస్తుండగా గంగాధరం కూతురు హేమశ్రీని పిలిచాడు.

ఆ అమ్మాయి చిత్తూరులో డిగ్రీ చదువుతోంది. వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి, ఇక ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు ఉంది.

"ఏమి డిలీట్ చేసినావు పాపా?"

"నాయన ఫోల్డరు. ఒంటికొమ్ము అని పేరు పెట్టుకున్నాడు."

"ఎప్పుడు?"

"నాయన పోయినాక, ఆదివారం. గోడకు ఫొటో కట్టించాలంటే నా ఫోన్లో ఉండేవి కంప్యూటర్లోకి ఎక్కించబోయినా. చోటు లేదు అని వచ్చినాది. నా కాలేజీ ఫోల్డర్లు తీసేద్దామని అన్నీ వరసగా సెలెక్ట్ చేసినా. మధ్యలో నాయనది గూడా పడింది, సగం డిస్కు అదే. నేను సూడలా."

"రీసైకిల్ బిన్‌లో ఉండాల గదా?"

"షిఫ్టు పట్టుకోని డిలీట్ కొట్టినా సార్. ఎప్పుడూ అట్లే చేస్తా. అది బిన్‌లోకి పోదు."

"అనుకోకుండా కొట్టినావా, ఎవురన్నా కొట్టమంటే కొట్టినావా?"

హేమశ్రీ తలెత్తి చూసింది. "ఎవురు చెప్తారు?"

"అది నేను అడుగుతాండే మాట. మీ నాయన పోయిన మూడో దినానికే ఆయన వీడియోలన్నీ పోయినాయి. నీ చేతుల మీదుగా పోయినాయి. వినేవాళ్లకు ఎట్లుంటాది చెప్పు."

"నేనే సార్. ఎవురూ చెప్పలా." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ప్రతి వీడియో మొదట్లో నాయన మాట్లాడతాడు. కెమెరా కట్టేటప్పుడు, ఇదో ఈ పొద్దు ఈ చెట్టుకు కడతాండా, సూద్దాం వస్తాడో రాడో అంటాడు, ఒంటికొమ్మును. నవ్వుతాడు. నాయన గొంతు ఇంగ యాడా లేదు నాకు. నేనే తీసేసినా. మీరు ఇంగేమైనా అనండి, పర్లేదు."

అబద్ధాలు విని విని ఢిల్లీబాబు చెవులు మొద్దుబారిపోయి ఉన్నాయి. నిజం వినబడితే ఇప్పటికీ తెలుస్తుంది.

"డిలీట్ అయినాదని ఎవురెవురికి చెప్పినావు?"

"అందరికీ. ఏడ్చినా గదా. అమ్మకు, చిన్నాయనకు. చిన్నాయనే ఓదార్చినాడు. పోతే పోనీలేమ్మా అన్నాడు."

"ఆ తర్వాత కంప్యూటర్ ముట్టుకున్నావా?"

"లేదు సార్. ఆ పక్కకే పోలా."

కాపీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సిద్ధమ్మ పెట్టిన సంగటి రెండు ముద్దలు మింగి ఢిల్లీబాబు కాపీ తెరిచాడు. ముందుగా ఖాళీ ఎంత ఉందో చూశాడు. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

ఖాళీ దాదాపు లేదు.

సగం డిస్కు నిండా ఉన్న ఫోల్డరును ఆ అమ్మాయి తీసేసిందంటే, సగం ఖాళీ ఉండాలి. లేదు. ఆ చోటంతా సినిమాలు. ఒక్కొక్కటీ తెరిచాడు. పేర్లు వేరు, లోపల మాత్రం ఒకటే సినిమా. అదే సినిమాను కాపీ చేసి, కాపీకి కాపీ చేసి, డిస్కు అంచుల దాకా నింపి పెట్టారు. తేదీ చూస్తే సోమవారం. డిలీట్ అయిన మరునాడు.

"అక్కా, సినిమాలు ఎక్కించినారే కంప్యూటర్లో. ఎవురు?"

"అదా, మునిప్రసాదు," అంది సిద్ధమ్మ. "నాకు రాత్రిళ్లు నిద్ర పట్టల్యా. కూచుని చూస్తాంటే మనసు కుదురుతాది వదినా అని సోమవారం పొద్దంతా దాని ముందరే కూచుని ఎక్కించినాడు. నేను ఒకటీ చూడలా. దేనికి చూడాల?"

ఢిల్లీబాబు మళ్లీ తెర వైపు తిరిగాడు. చూడటానికి ఎవరూ ఒకే సినిమాను అన్నిసార్లు ఎక్కించరు. పాత ఫైళ్లు మళ్లీ లేవకూడదనుకునేవాడు ఎక్కిస్తాడు. కాకపోతే నింపినవాడు చివర్లో కొంచెం వదిలేశాడు. విసుగు పుట్టిందో, ఎవరైనా గదిలోకి వచ్చారో. మిగిలిన ఆ కాస్త చోటులో ఏముందో వెతకమని లాప్‌టాప్‌కు చెప్పి, దాన్ని సిద్ధమ్మ కళ్లముందే పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వద్దని చెప్పి లేచాడు.

మునిప్రసాద్ బయట అరుగు మీదే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. జేసీబీ, ట్రాక్టరు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు బాడుగకు తిప్పుతాడు. తోట చూడాలనగానే తువ్వాలు భుజాన వేసుకుని ముందు నడిచాడు. దారిలో రెండుసార్లు ఆగి, "నిదానంగా రాండి సార్, ఎండ శానా ఉండాది," అన్నాడు. నీళ్ల సీసా కూడా తనే పట్టుకొచ్చాడు. మంచివాడిలా ఉన్నవాళ్లను అనుమానించడం ఢిల్లీబాబుకు ఎప్పుడూ అలసటే.

తోతాపురి మామిడికాయలు కోతకు వచ్చి కొమ్మలకు బరువుగా వేలాడుతున్నాయి. గంగాధరం పడిన చోట ఎవరో సున్నంతో గీత గీశారు.

"ఈడనే సార్. తల ఆ పక్కకు ఉండాది."

"నువ్వు యాడున్నావు అప్పుడు?"

"మోటారు షెడ్డు కాడ. సప్పుడు ఇని వస్తాంటే ఒంటికొమ్ము అట్లా దాటి పోయినాది."

"చీకటి గదా. ఒంటికొమ్మని ఎట్ల తెలిసింది?"

"ఆ ఒంటి కొమ్ము తెల్లగా అగపడ్డాది సార్."

"మీ అన్న టార్చి లేకుండా ఎందుకొచ్చినాడు?"

"ఏనుగు సప్పుడు ఇనంగానే పరిగెత్తుకోని వచ్చింటాడు. ఆ టైములో టార్చి గుర్తొస్తాదా?"

"ఏనుగు సప్పుడు ఇంటిదాకా వినిపించింటే వాళ్లావిడకు మెలకువ రాలేదే."

మునిప్రసాద్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఢిల్లీబాబు ముందున్న చెట్టు దగ్గరికి వెళ్లాడు. మొదలుకు రొమ్మెత్తున ఒక నల్లటి బెల్టు వేలాడుతోంది.

"కెమెరా కట్టేది ఈ చెట్టుకేనా?"

"దీనికే. ఏనుగు పీకి తొక్కేసినాది సార్. ముక్కలు ఫారెస్టోళ్లు ఎత్తుకోని పోయిండొచ్చు."

"బెల్టు తెగలేదే. బకిల్ ఇప్పి కెమెరా తీసుకోని పోయినాదా నీ ఏనుగు?"

"నాకేమి తెలుసు సార్ అవంతా."

కంచె వెంబడి నడిచారు. స్తంభాల్లా పాతిన రాతి కూసాల మధ్య సన్నటి తీగ. ఒక కూసం దగ్గర తీగ కొత్తగా ముడి వేసి ఉంది. ఆ చోట రాయి మీద అరచేతి వెడల్పున మసి. ఢిల్లీబాబు వేలితో గీకి చూశాడు.

"సోలారు కంచె సార్," అన్నాడు మునిప్రసాద్, అడగకముందే. "తాకితే జల్లుమంటాది, అంతే. ఏనుగులు బెదురుకోని పోతాయి. ఈ పక్క అందరూ వేసుకున్నారు."

"సోలారు కరెంటుకు రాయి మాడదే."

"ఎవురన్నా చలిమంట వేసుకొనింటారు."

"వేసవిలో చలిమంటా?"

కూసం నుంచి ఢిల్లీబాబు చూపు మోటారు షెడ్డు దాకా వెళ్లింది. షెడ్డు గోడకున్న స్టార్టరు పెట్టె కింద మందపాటి వైరు ముక్క ఒకటి వేలాడుతోంది. కొస కొత్తగా కోసినట్టు, లోపలి రాగి ఎర్రగా మెరుస్తోంది. అక్కడి నుంచి కంచెకు మధ్యలో, లారీ పట్టేంత మేర నేల మెత్తగా, ఉబ్బెత్తుగా ఉంది. ఆ మట్టిలో పదీ పదిహేను మామిడి మొక్కలు తలలు వేలాడేసుకుని ఉన్నాయి.

"ఇవి ఎప్పుడు నాటినారు?"

"పోయిన వారం."

"ఈ ఎండల్లోనా? వానలు పడినాక గదప్పా మొక్కలు నాటేది."

"అన్న తొందరపడినాడు సార్." మునిప్రసాద్ నీళ్ల సీసా మూత తిప్పాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. తాగలేదు. "సార్, ఒక మాట. పోయిన వీడియోలు నిజంగా వస్తాయా? పాప ఆశ పెట్టుకుంటా ఉండాది. రావని మీరే చెప్పేస్తే మేలు గదా. నెమ్మదిగా మరిచిపోతాది."

"శానామటుకు రావు," అన్నాడు ఢిల్లీబాబు.

అది నిజమే. అయినా మునిప్రసాద్ భుజాలు దిగడం అతను చూశాడు. తిరుగు దారిలో మునిప్రసాద్ ఊరి మొదట్లోనే ఆగి, పని ఉందని పక్క సందులోకి వెళ్లిపోయాడు. ఢిల్లీబాబు ఇంటి ముందు వేపచెట్టు కింద నులకమంచం మీద నడుం వాల్చాడు. కాసేపే అనుకున్నాడు. జీపు చప్పుడుకు లేచేసరికి నీడలు సాగి ఉన్నాయి.

మోహన్‌కృష్ణ దిగుతూనే అడిగాడు. "ఏమాయె?"

"చూద్దాం రా."

లాప్‌టాప్ పని ముగించి ఉంది. పేర్లు, తేదీలు పోయి, వట్టి అంకెలతో కొన్ని ముక్కలు తేలాయి. చాలావాటి సగం మీద సినిమా పడింది. తెరిస్తే బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ లేవు. ఒకదానిలో అడవిపంది. ఇంకోదానిలో గంగాధరం ముఖం కెమెరాకు మరీ దగ్గరగా వచ్చి, "ఇదో, ఈ పొద్దు..." అని ఆగిపోయింది. సిద్ధమ్మ వంటింట్లో ఉంది. విని ఉంటే బాగుండునా, వినకపోవడమే మేలా, ఢిల్లీబాబుకు తేలలేదు. శబ్దం తగ్గించాడు.

తర్వాతి ముక్క రాత్రిపూట తీసింది. నలుపూ తెలుపూ. కంచె పక్కన ఒక ఏనుగు పక్కకు పడిపోయి ఉంది. ఒకటే కొమ్ము. కదలడం లేదు. దాని తొండం మీద తీగ. ఏనుగు చెవి మీద చెయ్యి పెట్టి గంగాధరం మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి జేసీబీ లైట్లు పడుతున్నాయి.

మోహన్‌కృష్ణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఎంత పని చేస్తివి మునీ," అంటోంది గంగాధరం గొంతు. "మోటారు కరెంటు కంచెకు కలిపినావని నాకు చెప్పల్యా నువ్వు."

"కాయంతా అది తినిపోతాంటే చూస్తా కూచోమంటావా?" లైట్ల వెలుగులోకి వచ్చిన మనిషి మునిప్రసాద్. "లే అన్నా. తెల్లారేలోగా పూడ్చేయాల. మీద మొక్కలు నాటేస్తే ఎవురికీ తెలియదు."

ముక్క అయిపోయింది. ఫ్రేము అడుగున కెమెరా ముద్రించిన తేదీ ఉంది. గంగాధరం చనిపోక ముందటి మంగళవారం.

"తేదీ తప్పయిండొచ్చు," అన్నాడు మోహన్‌కృష్ణ. "కెమెరా గడియారాలు నమ్మకూడదు. కోర్టులో నిలవదు ఢిల్లీ. శుక్రవారం అన్నను తొక్కింది, ఆ తర్వాత..."

"తొక్కించుకోని చచ్చినోడు మాట్లాడతా ఉండాడు గదప్పా అందులో."

మోహన్‌కృష్ణ మళ్లీ తెర వైపు వంగాడు. "ఇంకో ఒంటికొమ్ము ఉండొచ్చు. పాత వీడియో అయిండొచ్చు. పోయినేడుది అయిండొచ్చు."

ఢిల్లీబాబు ఆ ముక్కనే మళ్లీ మొదలుపెట్టి, శబ్దం పెంచాడు. "వాళ్ల మాటలు వదిలెయ్. వెనక ఏముండాదో ఇను."

జేసీబీ ఇంజను. కీచురాళ్లు. వాటి వెనక, దూరంగా, పక్క ఊరి మైకు. డప్పులు ఆగాయి. ఎవరో మైకు అందుకుని విసుగ్గా మాట్లాడుతున్నారు. "రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు పెట్టినోళ్లు వచ్చి తీసెయ్యండి. మళ్లా చెప్పను. బస్సు ఆగిపోయి ఉండాది. జాతరకు వచ్చినామని రోడ్డు మీద మీ ఇష్టమొచ్చినట్టు..."

మోహన్‌కృష్ణ లాప్‌టాప్‌కు చెవి దగ్గర పెట్టాడు. ఆ గొంతు అతనిదే.

"గంగజాతర బందోబస్తు," అన్నాడు చివరికి. "ఈ ఏడు కొత్తగా వేసినారు నన్ను. మంగళవారం రాత్రి. మైకు నేనే పట్టుకున్నా."

"మంగళవారం రాత్రి పూడ్చిపెట్టిన ఏనుగును శుక్రవారం కళ్లారా చూసినాడంట నీ సాక్షి."

"అయితే ఆ బరువు..."

"ఎదురొమ్ము మీద బరువు పడింది. అది ఏనుగు బరువని చెప్పింది ఎవురు? వాడొక్కడే. వాడి ఇంట్లో జేసీబీ ఉండాది, ట్రాక్టరు ఉండాది."

మిగిలింది ఇంకొక్క ముక్క. అందులో గొయ్యి పూడ్చడం అయిపోయింది. గంగాధరం చెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అలసిపోయిన మనిషి గొంతు. "నేను మోయలేను రా ఇది. ఫారెస్టోళ్ల కాడికి పోయి చెప్పేస్తా."

"చెప్తే నన్ను జైల్లో వేస్తారన్నా."

"వేస్తే వేయనీ. నేను గూడా పూడ్చినా గదా. ఇద్దరం పోదాం."

మునిప్రసాద్ దగ్గరికి వచ్చాడు. "అన్నా, నువ్వు గాన నోరు తెరిస్తే..."

అక్కడ బొమ్మ చీలిపోయింది. గళ్లుగళ్లుగా విడిపోయి, ఆగిపోయింది. ఆ వాక్యంలో మిగిలిన సగం మీద సినిమా కూర్చుంది.

"పొద్దున చూసుకోని కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు పాపం," అన్నాడు మోహన్‌కృష్ణ. "ఫారెస్టోళ్లకు చూపించడానికే అయింటాది. తమ్ముడికి గూడా చెప్పింటాడు. తమ్ముడు గదా, చెప్పకుండా పోడు." నుదురు రుద్దుకున్నాడు. "నువ్వు ప్లగ్గు పీకకపోయింటే ఇది గూడా పోయేది."

"పొయ్యేది."

"ఆ పాప డిలీట్ కొట్టకపోయింటే తొలిరోజే దొరికిండేవి."

"దొరికేవి కావు మోహనా. డిలీట్ కాకుండా ఉండింటే వాడు కంప్యూటర్నే మాయం చేసేవాడు. ఎట్లా పోయినాయి, మీద సినిమా నింపితే చాలనుకున్నాడు గాబట్టే ఇది ఇంట్లో మిగిలినాది. ఆ పాప చేతి తప్పే దీన్ని కాపాడింది." ఢిల్లీబాబు లాప్‌టాప్ మూసి లేచాడు. ఈ మాట ఆ అమ్మాయికి చెప్పాలి. తండ్రి గొంతు దొరికిందని కూడా చెప్పాలి. ఆ గొంతు ఏమంటోందో ఎలా చెప్పాలో మాత్రం అతనికి తెలియలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అది ఎవరూ నేర్పలేదు. "అక్కా, పాపను ఒకసారి పిలుస్తావా?"

సిద్ధమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పాప లేదు నాయనా. చిత్తూరుకు పోయినాది."

"ఎవురితో?"

"చిన్నాయనతోనే. మీరు మంచం మీద పండుకోనుండారు, లేపలేదు. మునిప్రసాదుకు కెమెరాలో చిప్పు దొరికినాదంట. చిత్తూరులో అట్లాంటివి బాగుచేసే షాపు ఉండాదంట. ఎంత సంతోషమో దానికి. అప్పుడే గుర్తొచ్చినాది, జాతర మరుసటి దినం వాళ్ల నాయన రెండు వీడియోలు దాని ఫోనుకు గూడా పంపించినాడంట. ఇది హాస్టల్లో ఉండి, పరీక్షల్లో పడి, తెరిచి గూడా చూడలేదంట. చిన్నాయనా, అవి గూడా షాపులో చూపిద్దాం అనుకుంటా బండెక్కినాది."

మోహన్‌కృష్ణ చేయి జేబులోని జీపు తాళాల మీదికి వెళ్లింది.

"ఏ బండి అక్కా?"

"మోటారు సైకిలే. టౌనుకు పోవాలంటే వాడికి అదే గదా." సిద్ధమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైంది నాయనా?"

ఢిల్లీబాబు అప్పటికే హేమశ్రీ నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకున్నప్పుడు ఎవరో ఎత్తారు.

"చెప్పండి సార్," అన్నాడు మునిప్రసాద్. గొంతులో మధ్యాహ్నం నాటి నెమ్మదే ఉంది.

"పాపకు ఇయ్యప్పా."

"నిద్రపోతాండాది సార్. పాపం, ఎన్ని దినాలైందో అది కంటినిండా నిద్రపోయి. వెనక సీట్లో తల వాల్చేసినాది. లేపబుద్ధి కాల్యా."

"యాడుండారు?"

"కాణిపాకం దాటినాము సార్. ఇంగ చిత్తూరే."

అతని మాట వెనక బస్సుల హారన్లు లేవు. రోడ్డు చప్పుడే లేదు. ఒక పెద్ద ఇంజను నిలకడగా తిరుగుతోంది. ఇనుప తొట్టి దేనికో రాసుకుని, మట్టి కుమ్మరించిన శబ్దం ఒకటి వచ్చింది. ఫోన్ తెగిపోయింది.

"ఏమంటాడు?" మోహన్‌కృష్ణ జీపు పక్కనే ఉన్నాడు.

"మోటారు సైకిలు వెనక సీట్లో పాప తల వాల్చి నిద్రపోతాందంట," అన్నాడు ఢిల్లీబాబు. నడుం నొప్పి మరిచిపోయి అతను అప్పటికే పరిగెత్తుతున్నాడు. "తోటకు పోనీ మోహనా. తోటకు పోనీ."